నర్సు పరిశోధనకు చదువుంది, కొలువు లేదు

పిల్లల వార్డు గోడకు అంటించిన ఆ బొమ్మను చాలామంది చూసే ఉంటారు. వరసగా ఆరు గుండ్రటి ముఖాలు. మొదటిది నవ్వుతుంటుంది, చివరిది ఏడుస్తుంటుంది. నొప్పి ఎంతో మాటల్లో చెప్పలేని పిల్లవాడు ఏదో ఒక ముఖం మీద వేలు పెడతాడు, సిస్టర్ ఆ అంకెను కేస్ షీట్‌లో రాసుకుంటుంది. ఈ బొమ్మ మందుల కంపెనీలో పుట్టలేదు, వైద్య కళాశాల ప్రొఫెసరు గదిలోనూ పుట్టలేదు. 1980ల మొదట్లో అమెరికాలోని టల్సా నగరంలో, కాలిన గాయాల విభాగంలో, డోనా వాంగ్ అనే పిల్లల నర్సు, కోనీ బేకర్ అనే సహోద్యోగి కలిసి దీన్ని తయారుచేశారు. పిల్లల చేతికే ఖాళీ వృత్తాలిచ్చి, నొప్పి ఎలా ఉంటుందో అందులో గీయమన్నారు. ఆ గీతల నుంచే ఈ ముఖాలు వచ్చాయి.

మంచాన పడ్డ రోగికి బెడ్ సోర్ వచ్చే ప్రమాదం ఎంతుందో లెక్కగట్టే బ్రేడన్ స్కేల్ సంగతీ అంతే. బార్బరా బ్రేడన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ ఇద్దరూ నర్సులే. 1987లో ప్రచురించిన ఆ స్కేలు ప్రకారం రోగి కదలిక, చర్మం తడి, తిండి, స్పర్శ తెలియడం వంటి ఆరు అంశాలకు మార్కులేస్తారు. మార్కులు తగ్గేకొద్దీ పుండు పడే ప్రమాదం ఎక్కువ. మన ఐసీయూల్లో ఈ కాగితాన్ని నర్సులు షిఫ్టుకోసారి నింపుతూనే ఉంటారు.

ఇవి మన నర్సులు నింపే కాగితాలు. మన నర్సు తయారుచేయగా మరో దేశపు నర్సు నింపుతున్న కాగితం ఏదైనా ఉందా అంటే చప్పున గుర్తుకు రాదు. ఎన్నో దేశాల ఆసుపత్రులకు నర్సులను పంపుతున్న దేశం గురించి ఈ మాట అనాల్సి రావడం ఇబ్బందికరమే. తెలివి లేక కాదు, చదువు లేకా కాదు. జీఎన్ఎం డిప్లొమా నుంచి పీహెచ్‌డీ దాకా మెట్లన్నీ మన దగ్గర ఉన్నాయి. అవి ఎక్కిన మనిషిని వార్డులో ఉంచుకుని పరిశోధన చేయించే కొలువు మాత్రం ఎక్కడా కనిపించదు.

పరిశోధన నర్సుకు అదనపు అలంకారం అనుకునేవారు లిండా ఏకెన్ పనిని చూడాలి. నర్సింగ్ డిగ్రీతో మొదలై, సమాజశాస్త్రంలో డాక్టరేట్ చేసి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆసుపత్రుల తీరును అధ్యయనం చేసే కేంద్రాన్ని నడిపిన మనిషి ఆమె. 2002లో ఆమె బృందం పెన్సిల్వేనియా రాష్ట్రంలోని 168 ఆసుపత్రులు, 10,184 మంది నర్సులు, 2,32,342 మంది శస్త్రచికిత్స రోగుల వివరాలు పరిశీలించింది. ఒక నర్సు చూసుకునే రోగుల సంఖ్య ఒక్కటి పెరిగితే, చేరిన 30 రోజుల్లో రోగి చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోందని తేల్చింది. పన్నెండేళ్ల తర్వాత తొమ్మిది ఐరోపా దేశాల్లో, 4,22,730 మంది రోగుల మీద చూస్తే అక్కడా అదే 7 శాతం. పైగా డిగ్రీ చదివిన నర్సుల వాటా 10 శాతం పెరిగితే మరణావకాశం 7 శాతం తగ్గుతోందని కూడా తెలిసింది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ 2016లో పగలు నలుగురు రోగులకు ఒక నర్సు, రాత్రి ఏడుగురికి ఒకరు ఉండాలని ప్రభుత్వ ఆసుపత్రుల్లో చట్టబద్ధం చేసింది. అమలు చేసిన ఆసుపత్రులను, చేయని వాటిని పోల్చి నర్సు పరిశోధకులే 2021లో లాన్సెట్ పత్రికలో లెక్క చెప్పారు: మరణాలు తగ్గాయి, రోగులు త్వరగా ఇంటికి వెళ్లారు, అదనపు నర్సుల జీతాలకు పెట్టిన దానికన్నా మిగిలిందే ఎక్కువ.

మన సంగతి చూద్దాం. బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒక నర్సు, సాధారణ ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు అన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. రాత్రి పది దాటాక ఏ జిల్లా ఆసుపత్రి జనరల్ వార్డుకు వెళ్లినా ఆ ప్రమాణాన్ని వెతుక్కోవాల్సిందే. నర్సుల సంఘాలు ఏళ్ల తరబడి ఈ మాటను వినతిపత్రాల్లో రాస్తున్నాయి; ప్రభుత్వాలు దాన్ని జీతాలు, బదిలీల డిమాండ్లతో కలిపి ఒకే ఫైలులో పడేస్తున్నాయి. పనిభారం అనే మాటకు ఆర్థిక శాఖలో చెల్లుబాటు లేదు. ఇన్ని మరణాలు, ఇన్ని పడక రోజులు, ఇంత ఖర్చు అంటే కనీసం ఒక అధికారి అయినా తలెత్తి చూస్తాడు. పెన్సిల్వేనియా లెక్క చూపిస్తే మాత్రం ‘మన పరిస్థితి వేరు’ అనే జవాబు సిద్ధంగా ఉంటుంది.

ఆ జవాబులో నిజం కూడా ఉంది. అమెరికా వార్డులో రోగి మంచం పక్కన చాప పరుచుకుని పడుకునే భార్యో, తల్లో, కొడుకో ఉండరు. మన ప్రభుత్వాసుపత్రుల్లో ఒళ్లు తుడవడం, పక్కకు తిప్పడం, తినిపించడం, స్ట్రెచర్ తోయడం, రక్త నమూనా ల్యాబుకు చేర్చడం సగానికి సగం వాళ్ల చేతుల మీదే సాగుతోంది. నర్సు–రోగి నిష్పత్తిని ఇక్కడ కొలవాలంటే అటెండెంటు అనే ఈ మూడో మనిషిని కూడా లెక్కలోకి తెచ్చే పద్ధతి కనిపెట్టాలి. ఆ పద్ధతి ఏకెన్ దగ్గర లేదు, ఉండే అవకాశం లేదు. హైదరాబాద్ గాంధీలోనో విశాఖ కేజీహెచ్‌లోనో పదేళ్లు నైట్ డ్యూటీ చేసిన నర్సుకైతే దాని ముడి సరుకంతా తెలుసు. ఆమెకు లేనిది పరిశోధన చదువు. అది ఉన్నవారు అప్పటికే వార్డు వదిలి వెళ్లిపోయి ఉంటారు.

ఎలా వెళ్లిపోతారో చూడాలంటే మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కాలి. ఇంటర్ తర్వాత జీఎన్ఎం మూడేళ్లు, లేదా బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. జీఎన్ఎం చేసినవారు డిగ్రీ కావాలంటే పోస్ట్ బేసిక్ బీఎస్సీ మరో రెండేళ్లు. ఆపైన 55 శాతం మార్కులు, ఏడాది అనుభవం ఉంటే ఎమ్మెస్సీ రెండేళ్లు. పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు. జీఎన్ఎంతో మొదలైన అమ్మాయి ఎక్కడా ఆగకుండా, ఫీజు కోసం మధ్యలో ఉద్యోగం వెతుక్కోకుండా, పెళ్లి వాయిదా వేసుకుని చదివినా డాక్టరేట్ చేతికొచ్చేసరికి ముప్ఫైకి దగ్గరపడుతుంది. అసలు జీవితంలో ఎవరూ అలా చదవరు. మధ్యలో అప్పులు, బాండు, సౌదీ, కాన్పులు, అత్తమామల అనారోగ్యం ఉంటాయి. చాలామందికి పీహెచ్‌డీ నలభైల్లో వస్తుంది. పరిశోధకుడికి పదునైన కాలం అప్పటికి సగం గడిచిపోతుంది.

పాఠ్యప్రణాళికను తప్పుపట్టలేం. జీఎన్ఎం ఆఖరి ఏడాదిలోనే పరిశోధన, గణాంకాల పరిచయం ఉంది. 2021లో సెమిస్టర్ పద్ధతికి మారిన బీఎస్సీలో ఏడో సెమిస్టరులో నర్సింగ్ పరిశోధన, గణాంకశాస్త్రం పూర్తి పేపరుగా ఉంది. ఆఖరి సెమిస్టరు ఇంటర్న్‌షిప్‌లో బృంద ప్రాజెక్టు చేయాలి. ఎంబీబీఎస్ విద్యార్థికి ఇంత గట్టిగా పరిశోధన పాఠం చెప్పరు. పాఠం దాటి అభ్యాసానికి వచ్చినప్పుడే అసలు చిక్కు మొదలవుతుంది.

ఎమ్మెస్సీ నర్సింగ్ గ్రంథాలయంలో పాత డిసర్టేషన్ల బీరువా తెరిచి వెన్నుల మీది బంగారు అక్షరాలు చదవండి. ఫలానా పట్టణంలో ఎంపిక చేసిన కళాశాలలో, ఫలానా వ్యాధి గురించి విద్యార్థుల పరిజ్ఞానం మీద స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్ ప్రభావం. దాని పక్కదీ అదే, వ్యాధి మారింది. ఆ పక్కదీ అదే, పట్టణం మారింది. అరవై మందికి ప్రీటెస్ట్ పెడతారు, నలభై నిమిషాలు చార్టులతో పాఠం చెబుతారు, ఏడో రోజు పోస్ట్ టెస్ట్ పెడతారు. పాఠం చెప్పాక మార్కులు పెరుగుతాయి. పెరిగాయని గణాంకశాస్త్రం ధ్రువీకరిస్తుంది. కంట్రోల్ గ్రూపు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఆ విద్యార్థుల్లో ఎవరైనా తర్వాత చేతులు సరిగ్గా కడిగారా, రొమ్ము పరీక్ష చేసుకున్నారా, ఇన్సులిన్ సరైన చోట పొడుచుకున్నారా అన్నది ఎవరూ చూడరు. లెక్క చేసిపెట్టే స్టాటిస్టీషియన్‌కు ఫీజు, గేటు బయట బైండింగ్ షాపుకు ఫీజు. పుస్తకం బీరువాలోకి వెళ్తుంది.

దీన్ని విద్యార్థుల సోమరితనం అనడం తేలిక. కారణాలు వేరే ఉన్నాయి. రెండేళ్ల కోర్సులో వివరాల సేకరణకు దొరికేవి కొన్ని వారాలు. రోగుల మీద అధ్యయనం చేయాలంటే సూపరింటెండెంట్ అనుమతి, ఆ విభాగం డాక్టరుగారి అనుమతి, ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. వీటిలో ఏదో ఒకటి నెలల తరబడి కదలదు. పక్క కళాశాలలో అరవై మంది అమ్మాయిలను కూర్చోబెట్టడానికి ప్రిన్సిపాల్ సంతకం ఒక్కటి చాలు. గైడ్ కూడా ఒకప్పుడు ఇలాంటిదే చేసి గట్టెక్కారు. ప్రైవేటు కళాశాలలు చాలావాటికి సొంత ఆసుపత్రి పేరుకే ఉంటుంది, రోగులుండరు. రోగులున్న ప్రభుత్వాసుపత్రికి క్లినికల్ పోస్టింగు మీద బస్సుల్లో వచ్చే విద్యార్థులను అక్కడి సిబ్బంది చుట్టాలను చూసినట్టు చూస్తారు, ఎప్పుడు వెళ్తారా అని.

డాక్టరేట్ దశలో పరిస్థితి కొంత మెరుగు, కానీ చిల్లర చిక్కులు ఎక్కువ. 2005లో నర్సింగ్ కౌన్సిల్, బెంగళూరులోని రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి నర్సింగ్ పీహెచ్‌డీకి జాతీయ కన్సార్టియం పెట్టాయి. ఒకే ప్రమాణంతో దేశమంతటి నుంచి అభ్యర్థులను తీసుకోవాలన్న ఆలోచన మంచిదే. నిమ్హాన్స్, చండీగఢ్ పీజీఐ, ఢిల్లీ ఎయిమ్స్ వంటి చోట్ల సొంత పీహెచ్‌డీలున్నాయి. ఫెలోషిప్ మాత్రం అడగకండి. సాహిత్యం నుంచి యోగా దాకా సబ్జెక్టులున్న యూజీసీ నెట్ పరీక్షలో నర్సింగ్ అనే సబ్జెక్టే లేదు. నెట్ ద్వారా వచ్చే నెలకు 37,000 రూపాయల జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ తలుపు అలా మూసుకుపోయింది. ఉన్న ఉద్యోగం చేసుకుంటూ పార్ట్‌టైమ్‌లో చేయడం, లేదా పుస్తెలు తాకట్టు పెట్టి ఫుల్‌టైమ్ చేయడం మిగిలింది. 2022 నాటి యూజీసీ నిబంధనలు పార్ట్‌టైమ్ పీహెచ్‌డీని స్పష్టంగా అనుమతించాయి, మహిళలకు రెండేళ్ల అదనపు గడువు, 240 రోజుల ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఇచ్చాయి. అయితే పనిచేసే చోటి నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. సిబ్బంది కొరత ఉన్న ఆసుపత్రిలో ఆ కాగితం మీద సంతకం పెట్టించడం పీహెచ్‌డీ ప్రవేశ పరీక్ష కన్నా కష్టం.

అవే నిబంధనలు నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులుంటే నేరుగా పీహెచ్‌డీలో చేరవచ్చని కూడా చెప్పాయి. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లదే. అయినా మన ఆరోగ్య విశ్వవిద్యాలయాలు నర్సింగ్ పీహెచ్‌డీకి ఎమ్మెస్సీ అడుగుతూనే ఉన్నాయి. అమెరికాలో బీఎస్సీ నుంచి నేరుగా డాక్టరేట్‌కు వెళ్లే కోర్సులు ఎప్పటి నుంచో నడుస్తున్నాయి. నర్సును ఇరవైల్లోనే పరిశోధనలోకి తేవడమే వాటి ఉద్దేశం. వార్డు వాసన తగలని వాళ్లు పరిశోధకులైతే ఏం లాభం అన్న అభ్యంతరం సరైనదే. రెండు మూడేళ్ల వార్డు అనుభవాన్ని షరతుగా పెట్టి ఈ దారి తెరిస్తే ఆ అభ్యంతరం తీరుతుంది. ఒక్కో ప్రతిభావంతురాలికి ఏళ్ల కాలం కలిసొస్తుంది.

ఇంత కష్టపడి డాక్టరేట్ చేసినవారు ఎక్కడికి వెళ్తారు? కళాశాలకు. ట్యూటర్, అసిస్టెంట్ ప్రొఫెసర్, ప్రొఫెసర్, ప్రిన్సిపాల్. ఎమ్మెస్సీ చేసి వార్డులోనే ఉండిపోయిన నర్సింగ్ ఆఫీసరుకు ఆ డిగ్రీ వల్ల పనిలో మార్పేమీ రాదు: అదే షిఫ్టు, అదే మందుల ట్రాలీ. పదోన్నతి వస్తే హెడ్ నర్సు, ఆపైన సూపరింటెండెంట్. అంటే రోగి నుంచి దుప్పట్ల లెక్కల వైపు. మన వృత్తిలో పైకి ఎక్కడమంటే రోగికి దూరం కావడమే. 2023లో కేంద్రం వైద్య కళాశాలల పక్కనే 157 కొత్త ప్రభుత్వ నర్సింగ్ కళాశాలలకు 1,570 కోట్ల రూపాయలు ప్రకటించింది. సీట్లు పెరగడం అవసరమే. కానీ ఆ కళాశాలలన్నిటికీ బోధకులు కావాలి, ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేసిన ప్రతి ఒక్కరినీ అవి మరింత గట్టిగా తరగతి గది వైపే లాగుతాయి.

పెద్ద మెట్లు పక్కన పెట్టి, పరిశోధనలో నర్సులు నిజంగా పనిచేస్తున్న చోట్లు చూస్తే అవి పక్కదారులు. మొదటిది క్లినికల్ ట్రయల్స్. కరోనా కాలంలో కోవాగ్జిన్ తొలి దశ పరీక్షలు హైదరాబాద్ నిమ్స్‌లో, విశాఖ కేజీహెచ్‌లో జరిగిన సంగతి పత్రికల్లో వచ్చింది; డాక్టర్ల పేర్లు వచ్చాయి. వలంటీర్‌కు సమ్మతి పత్రంలోని మాట అర్థమయ్యేలా చెప్పడం, రక్త నమూనా నిమిషం తప్పకుండా తీయడం, జ్వరమొస్తే రాత్రి ఫోన్ ఎత్తడం, ప్రమాదకర పరిణామం ఏదైనా జరిగితే 24 గంటల్లో నివేదిక వెళ్లేలా చూడటం వంటి పనులు ట్రయల్స్‌లో చాలావరకు నర్సులు, కోఆర్డినేటర్ల మీదే పడతాయి. 2019 కొత్త ఔషధాల నిబంధనల తర్వాత ఈ పని మరింత నిక్కచ్చిగా మారింది. బీఎస్సీతో చేరవచ్చు, గుడ్ క్లినికల్ ప్రాక్టీస్ శిక్షణ చాలు. వార్డులో వచ్చే జీతం కన్నా మెరుగ్గా ఉండే చోట్లూ ఉన్నాయి. కంపెనీ వేసిన ప్రశ్నకు జవాబు సేకరించడం ఇందులోని పని; సొంత ప్రశ్న వేసే చోటు కాదు. అయినా రికార్డుల క్రమశిక్షణ నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి బడి లేదు.

రెండోది ప్రాజెక్టు నర్సు కొలువు. ఐసీఎంఆర్ అధ్యయనాల్లో ఈ పోస్టులుంటాయి; ప్రాజెక్టు అయిపోతే ఉద్యోగం అయిపోతుంది. ఊరూరా తిరిగి రక్తపోటు కొలిచి, ఫారాలు నింపిన మనిషి పేరు చివరికి ప్రచురించిన పేపరులో కృతజ్ఞతల వరసలో కనిపిస్తే గొప్ప. ఈ పని ఎంచుకునేవారు మొదటి రోజే రచయితల జాబితా సంగతి అడగాలి. అడగడం అమర్యాద అనుకునే అలవాటు నర్సింగ్ బడుల్లోనే పడుతుంది, అక్కడే పోవాలి.

మూడోది ప్రజారోగ్యం. మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ కోర్సులు నర్సులను తీసుకుంటాయి. హైదరాబాద్‌లోనే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ ఉంది. ఎపిడెమియాలజీ, గణాంకాలు ఇక్కడ నేర్పినంత శ్రద్ధగా ఎమ్మెస్సీ నర్సింగ్‌లో నేర్పరన్నది చేదు నిజం. డబ్బు, సెలవు రెండూ లేనివారికి చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ ఎన్‌పీటెల్ వేదిక మీద నడిపే హెల్త్ రీసెర్చ్ ఫండమెంటల్స్ పాఠాలున్నాయి. వినడానికి ఖర్చు లేదు. నైట్ డ్యూటీల మధ్య వీలు చూసుకుని పూర్తిచేయగలిగిన కోర్సు అది.

నాలుగోది విమానం ఎక్కడం. బ్రిటన్‌కు వెళ్లిన తెలుగు నర్సులు కొద్ది ఏళ్లలో కనిపెట్టే విషయం ఒకటుంది: అక్కడ ఎన్‌హెచ్‌ఎస్‌లో రీసెర్చ్ నర్సు అనేది వేరే కొలువు. తరచూ బ్యాండ్ 6లో, అంటే కొత్త నర్సు కన్నా ఒక మెట్టు పైన, ఆసుపత్రి లోపలే ఉంటుంది. 2006లో మొదలైన అక్కడి జాతీయ ఆరోగ్య పరిశోధన సంస్థ నర్సులకు మాస్టర్స్, డాక్టరేట్ చేసే కాలానికి జీతమే ఇస్తుంది. పరిశోధన సగం వారం, వార్డు సగం వారం అన్న ఏర్పాటు సాధ్యమైంది అందుకే. అమెరికాలో నర్సింగ్ పరిశోధనకు 1986లో జాతీయ కేంద్రం పెట్టి, 1993లో పూర్తి స్థాయి సంస్థగా చేశారు. ఈ రెండు దేశాల నర్సులు మనవాళ్ల కన్నా తెలివైనవారేమీ కాదు. వాళ్ల సమయానికి ఎవరో జీతం కట్టారు.

మన గడ్డ మీద నర్సులు నడపాల్సిన పరిశోధన ఎలా ఉండవచ్చో చెప్పడానికి తెలంగాణ కాన్పుల గదిని మించిన ఉదాహరణ లేదు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సిజేరియన్లు 21.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7; రాష్ట్రాల్లో ఇదే అత్యధికం. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5. ఈ పరిస్థితిలో 2017లో రాష్ట్ర ప్రభుత్వం హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఆసుపత్రితో కలిసి ప్రభుత్వ నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. మరుసటి ఏడాది కేంద్రమూ దేశవ్యాప్త మార్గదర్శకాలు తెచ్చింది. నొప్పులు పడుతున్న తల్లి వెంట మొదటి నుంచి చివరి దాకా ఒక శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ ఉంటే కోత అవసరం తగ్గుతుందా?

ప్రపంచ సాహిత్యం దీనికి పూర్తి జవాబివ్వదు. నర్సుగా, మిడ్‌వైఫ్‌గా పనిచేసి లండన్‌లో ఆచార్యురాలైన జేన్ సాండల్ నాయకత్వంలో 2016లో వచ్చిన కోక్రేన్ సమీక్ష 15 ట్రయల్స్, 17,674 మంది తల్లుల వివరాలు కలిపి చూసింది. మిడ్‌వైఫ్ వెంట ఉన్నవారిలో నెలలు నిండని కాన్పులు తగ్గాయి, పరికరాలతో చేసే కాన్పులు తగ్గాయి. సిజేరియన్లలో మాత్రం స్పష్టమైన తేడా కనిపించలేదు. అవన్నీ సంపన్న దేశాల ట్రయల్స్. అక్కడి సిజేరియన్ రేటు మన రేటుకు దరిదాపుల్లో లేదు. ముహూర్తం చూసుకుని కోత పెట్టించుకోవడం అక్కడ లేదు. ప్రైవేటు ప్యాకేజీల లెక్క వేరు. 60 శాతం కోతలున్న చోట మిడ్‌వైఫ్ వల్ల ఏం జరుగుతుందన్న ప్రశ్నకు తెలంగాణ లేబర్ రూములే సరైన ప్రయోగశాల. శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లున్న ఆసుపత్రులు ఉన్నాయి, లేని ఆసుపత్రులు ఉన్నాయి, కాన్పు సాగిన తీరును నమోదు చేసే పార్టోగ్రాఫులు ఉన్నాయి. లండన్ ఆచార్యుల కోసం ఎదురుచూడనక్కర్లేదు. ఆ మిడ్‌వైఫ్‌లలోనే ఇద్దరు ముగ్గురికి మూడేళ్లు డాక్టరేట్ సెలవు, జీతం, ఒక గణాంక నిపుణుడి తోడు ఇస్తే వచ్చే పీహెచ్‌డీలు బీరువాలో పెట్టేవి కావు.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. మందులిచ్చే చేతులే చాలని చోట పరిశోధన పేరుతో ఇంకో నలుగురిని తప్పిస్తారా? వార్డు బాధ తెలిసినవారే ఈ మాట అంటారు కాబట్టి కొట్టిపారేయలేం. ఏటా మే 12న నర్సింగ్ కళాశాలల్లో ఫ్లోరెన్స్ నైటింగేల్ పటం ముందు దీపాలు వెలిగించి ప్రమాణం చేస్తారు. ఆ దీపంతో పాటు ఆమె చేతిలో గణాంకాల పట్టికలు కూడా ఉండేవని తరగతిలో ఒక ముక్క చెప్పి వదిలేస్తారు. భారతదేశానికి ఒక్కసారైనా రాకుండా, ఇక్కడి సైనిక కేంద్రాలన్నిటికీ ప్రశ్నపత్రాలు పంపి, సిపాయిలు యుద్ధంలో కన్నా మురికి నీటితో, కిక్కిరిసిన బ్యారక్కులతో ఎక్కువగా చస్తున్నారని తేల్చిన మనిషి ఆమె. ఆ నివేదిక 1863లో వచ్చింది. ఆ సంగతిని ప్రభుత్వం చేత ఒప్పించింది సేవ కాదు, ఆ పట్టికలు. కొరతను తీర్చమని అడగడానికే పరిశోధన కావాలి. వంద మంది నర్సుల్లో ఒకరిని తప్పించడం వల్ల మిగిలిన తొంభై తొమ్మిది మందికి భారం పెరగకుండా ఆ ఒక్క పోస్టును అదనంగా మంజూరు చేయడం ఏ రాష్ట్ర బడ్జెట్‌కూ మోయలేని బరువు కాదు.

కొలువు ఎలా ఉండాలన్న దానికి దూరం వెళ్లనక్కర్లేదు. తిరుపతి నుంచి రెండు గంటల ప్రయాణంలో ఉన్న వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో నర్సింగ్ బోధకులే వార్డు బాధ్యతలు కూడా చూస్తారు. పాఠం చెప్పే మనిషి, రోగిని చూసే మనిషి ఒకరే. 1946లో ఢిల్లీతో పాటు దేశంలో నర్సింగ్ డిగ్రీని మొదలుపెట్టిన చోటు అది. హైదరాబాద్ నిమ్స్, తిరుపతి స్విమ్స్, మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లలో నర్సింగ్ కళాశాల, పెద్దాసుపత్రి ఒకే ప్రాంగణంలో ఉన్నా రెండిటి మధ్య గోడ గట్టిగానే ఉంది. రెండు చోట్లా హాజరు వేసుకునే ఉమ్మడి పోస్టులు నాలుగైదు సృష్టించి చూస్తే తెలుస్తుంది.

ఎథిక్స్ కమిటీలోనూ నర్సుకు కుర్చీ లేదు. 2019 నిబంధనల ప్రకారం కనీసం ఏడుగురు ఉండాల్సిన ఆ కమిటీలో డాక్టరు, న్యాయ నిపుణుడు, సామాజిక శాస్త్రవేత్త, సామాన్య పౌరుడు, ఒక మహిళ ఉండాలని రాశారు. సమ్మతి పత్రం రోగికి అర్థమైందో లేదో అందరికన్నా ముందు తెలిసే నర్సు ఆ జాబితాలో లేదు. ఆసుపత్రి తనంతట తానే చేర్చుకోవడానికి ఏ చట్టమూ అడ్డు రాదు.

1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో వచ్చిన జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం తన లక్ష్యాల వాక్యంలోనే పరిశోధన, అభివృద్ధి అన్న మాటలు చేర్చింది. చట్టం కింద ఏర్పడే బోర్డులు మాత్రం విద్యకు ఒకటి, సంస్థల మదింపుకు ఒకటి, నీతి, రిజిస్ట్రేషన్‌కు ఒకటి. పరిశోధనకు వేరే బోర్డు లేదు. కాబట్టి పరీక్ష కమిషన్ దగ్గరే: ఎమ్మెస్సీ డిసర్టేషన్ రోగి దగ్గర కొలవగల ఫలితం మీదే ఉండాలని ఒక్క నిబంధన పెడతారా, టీచింగ్ ప్రోగ్రామ్ అంశాలను మరో పదేళ్లు సాగనిస్తారా?

పైసా ఖర్చు లేకుండా మొదలయ్యే పని కూడా ఒకటుంది. ప్రభుత్వాసుపత్రి వార్డులో సెన్సస్ రిజిస్టరు ఉంటుంది: ఆ రోజు ఎంతమంది చేరారు, ఎంతమంది డిశ్చార్జి అయ్యారు, ఎంతమంది చనిపోయారు. డ్యూటీ రోస్టరులో ఏ షిఫ్టుకు ఎంతమంది నర్సులున్నారో ఉంటుంది. ఏకెన్ వేసిన ప్రశ్నను మన దగ్గర వేయడానికి మొదటి అడుగుకు కావలసిన వివరాలు ఈ రెండు పుస్తకాల్లోనే ఉన్నాయి. చాలాచోట్ల అవి స్టోర్ రూములో చెదలు పడుతున్నాయి. ఉస్మానియా, గాంధీ, వరంగల్ ఎంజీఎం, కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్‌లలో గత ఐదేళ్ల రిజిస్టర్లను, రోగుల పేర్లు తొలగించి, ప్రభుత్వ నర్సింగ్ కళాశాలల ఎమ్మెస్సీ విద్యార్థులకు డిసర్టేషన్ కోసం ఇవ్వవచ్చని రెండు రాష్ట్రాల వైద్య విద్య సంచాలకులు ఒక్కో సర్క్యులర్ ఇస్తే చాలు. ఈ ఏడాది విద్యార్థులు విజయవాడ, వరంగల్ ఆరోగ్య విశ్వవిద్యాలయాలకు డిసర్టేషన్ సినాప్సిస్‌లు పంపేలోగా అది రావాలి. ఆ గడువు దాటితే ఈ బ్యాచ్ కూడా అరవై మందికి ప్రీటెస్ట్ పెట్టుకుంటుంది.